ఫుట్‌పాతా, సైకిల్ ట్రాకా, కాలువగట్టా: మీ వీధికి ఏది అడగాలి?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ కాలనీ సంఘాల అర్జీలు ఒకప్పుడు సీసీ రోడ్డు, సైడుకాలువ, వీధి దీపం దగ్గర ఆగేవి. ఇప్పుడు వాటి కింద ఇంకో లైను చేరుతోంది: "మా ఏరియాకు వాకింగ్ ట్రాక్ మంజూరు చేయగలరు." మంచిదే. కానీ నడక కోసం అడగదగ్గవి అరడజను రకాలున్నాయి. ఒక్కోదానికి ఖర్చు వేరు, పట్టే స్థలం వేరు, సంతకం పెట్టే అధికారి వేరు. అన్నీ కలిపి "వాకింగ్ ట్రాక్" అని రాసేస్తే అవతలివాళ్లు తమకు ఏది తేలికో అదే ఇస్తారు. పార్కు చుట్టూ రంగు టైల్స్ పరిచి రిబ్బన్ కత్తిరిస్తే ఆ పని అయిపోయినట్టే. బస్సు దిగి ఆసుపత్రికి నడిచే పెద్దామె మాత్రం ఎప్పటిలాగే లారీ టైరు పక్కనే నడుస్తుంది.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఆరోగ్యం కోసం నడిచేవాళ్లకు నెల్లూరులో ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్ కాలేజీ గ్రౌండు ఉంది, ఏమీ లేకపోతే తెల్లారకముందే ఖాళీగా ఉండే రోడ్డు ఉంది. పని మీద నడిచేవాళ్లకు, అంటే బడికి, బస్టాపుకి, రైతుబజారుకి, డ్యూటీకి పోయేవాళ్లకు అలాంటిదేదీ లేదు. వాళ్లు నడిచేది ట్రాఫిక్ మంచి రద్దీలో ఉన్నప్పుడే. డబ్బు ఒక్కదానికే సరిపోయేట్టయితే అది వీళ్లకే పోవాలి. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది పాదచారులు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు నడిచిపోతున్న మనిషే.

ఆ రోడ్డు ఎవరిది?

ఏది అడగాలో తేల్చుకునే ముందు ఎవరిని అడగాలో తేలాలి. ఇంటి ముందు రోడ్డు కార్పొరేషన్‌దే అనుకుంటాం. ఊళ్లో నుంచే పోయినా కొన్ని రోడ్లు ఆర్ అండ్ బి వాళ్లవి, కొన్ని జాతీయ రహదారులవి. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ గట్లు జలవనరుల శాఖవి. రైలు కట్ట కింద దారి వెడల్పు చేయాలంటే రైల్వే ఒప్పుకోవాలి. కౌన్సిల్ తనది కాని రోడ్డు మీద ఎంత గట్టిగా తీర్మానం చేసినా అది అవతలి శాఖకు ఒక ఉత్తరంగా మారి ఫైల్లో కూర్చుంటుంది. నెల్లూరువాళ్లకు ఇది బాగా అనుభవం. ఊరిని రైలు మార్గం నిలువునా చీల్చింది. విజయమహల్ గేటు, రామలింగాపురం, మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండు దగ్గర అండర్ బ్రిడ్జీల్లో వానకు నీళ్లు నిలిస్తే ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే. మీ దారి మధ్యలో అలాంటి చోటు ఒకటుంటే మిగతా కిలోమీటరు ఎంత బాగా వేసినా జనం నడవరు. కాబట్టి ముందు అడగాల్సింది ఆ యాభై మీటర్ల గురించే.

రోడ్డు ఎవరిదో వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగితే తెలుస్తుంది. నోటిమాటగా చెప్పి దాటేస్తే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. పాలకవర్గం ఉన్నప్పుడు మీ డివిజన్ కార్పొరేటర్ ద్వారా వెళ్లడం మంచిది, తీర్మానం పెట్టించగలిగేది ఆయనో ఆమెనో కాబట్టి. గడువు ముగిసి ఎన్నికలు జరగని కాలంలో ప్రత్యేకాధికారి పాలన ఉంటుంది, అప్పుడు నేరుగా కమిషనర్‌కే ఇవ్వాలి.

చట్టం మాట అర్జీలో రెండు వాక్యాలకు మించి అక్కర్లేదు. పాదచారులకు సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, నిర్ణీత ప్రమాణాలు పాటించక రోడ్డు మీద ప్రాణనష్టమో, అంగవైకల్యమో జరిగితే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఈ రెండూ రాస్తే చాలు. అంతకు మించి రాస్తే అర్జీ కాస్తా నోటీసులా కనపడి ఇంజనీరు గారికి కోపం వస్తుంది.

సైడుకాలువ మీద శ్లాబా, విడిగా ఫుట్‌పాతా?

మన ఊళ్లలో అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. రోడ్డు అంచున మనిషి నడవాల్సిన జాగాలో చాలా చోట్ల ఇప్పటికే సైడుకాలువ ఉంది. దాని మీద శ్లాబులు కప్పి ఫుట్‌పాత్ అనడం ఒక పద్ధతి. రోడ్డు నుంచి కొంత జాగా తీసుకుని, అంచురాయి పాతి, పేవర్ బ్లాకులు పరిచి విడిగా ఫుట్‌పాత్ కట్టడం రెండో పద్ధతి.

శ్లాబు పద్ధతిలో పెద్ద లాభం, కొత్తగా జాగా అక్కర్లేదు. ట్రంక్ రోడ్డు, సంతపేట, రంగనాయకులపేట లాంటి పాత వీధుల్లో రోడ్డును ఒక్క అడుగు తగ్గిస్తామన్నా గొడవే. కాలువ ఎలాగూ ఉంది, మూత వేస్తే కంపు తగ్గుతుంది, దోమలు తగ్గుతాయి, షాపువాళ్లు కూడా అడ్డం చెప్పరు. తంటా అంతా ఆ తర్వాత మొదలవుతుంది. పూడిక తీయడానికి శ్లాబు లేపుతారు. లేపినప్పుడు ఒకటి విరుగుతుంది, ఇంకోటి వంకరగా కూర్చుంటుంది, మూడోది పక్కన నిలబెట్టి వెళ్లిపోతారు. మళ్లీ పెట్టే బాధ్యత ఎవరిదో పని ఆర్డర్లో ఉండదు. నడిచేవాళ్లు రెండుసార్లు తట్టుకుని పడ్డాక రోడ్డు మీదికే దిగుతారు. దానికి మించిన ప్రమాదం వానాకాలంలో. మనకు గట్టి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అల్పపీడనాలతో, ఒక్కోసారి తుపానుతో వస్తుంది. 2015లో, 2021లో నెల్లూరు ఎలా మునిగిందో ఎవరూ మరిచిపోలేదు. అంత వరద అక్కర్లేదు, మోకాలి లోతు నీళ్లు నిలిచినా రోడ్డేదో కాలువేదో తెలియదు. అప్పుడు ఒక్క శ్లాబు లేకపోయినా అది మనిషిని మింగేస్తుంది.

అందుకని శ్లాబు అడిగితే షరతులతో అడగాలి. ఒక్కో ముక్క ఇద్దరు మనుషులు కొక్కెం వేసి లేపగలిగేంత బరువే ఉండాలి. కాలువ పొడవునా ఒకే బిళ్లగా కాంక్రీటు పోసేస్తే పూడిక తీయడం కుదరదు, మూడో ఏడు కాలువ పొంగి ఇళ్లలోకి వస్తుంది. కొన్ని మీటర్లకోసారి ఇనుప జాలీ ఉండాలి, రోడ్డు మీది నీళ్లు దిగడానికి. ఎత్తు అంతా ఒకటే ఉండాలి. ఒక షాపు ముందు రెండు మెట్లు, ఇంకో షాపు ముందు టైల్స్ వేసిన ర్యాంపు, ఆ పక్కన గుంట ఉంటే దాన్ని ఫుట్‌పాత్ అనడం దండగ. సెప్టెంబరు లోపల పూడిక తీసి, శ్లాబులన్నీ తిరిగి పెట్టినట్టు ఏటా ఒకసారి డివిజన్‌లో చూపించాలి. ఈ ఆఖరిది కాగితం మీద రాయించుకోవడం కష్టం. అయినా అడగండి.

విడిగా కట్టే ఫుట్‌పాత్‌కు కొలతలు ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 103 అనే మార్గదర్శకం ప్రకారం ఇళ్ల వీధిలో కూడా నడిచే జాగా అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, షాపుల వీధిలో 2.5 మీటర్లు. ఇద్దరు ఎదురెదురుగా, అందులో ఒకరు చంకలో బిడ్డతో, తప్పుకోవాలంటే అంత కావాలి మరి. రోడ్డు నుంచి ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పట్టు తప్పేది. బైకులు ఎక్కకుండా ఉండాలని ఒకటిన్నర అడుగు ఎత్తు కడతారు. బైకులవాళ్లు ఎలాగోలా ఎక్కిస్తారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, బండిలో కూర్చుని పోయే వికలాంగులు, గర్భిణులు మాత్రం ఎక్కలేరు. బైకులకు మందు ఎత్తు కాదు, మొదట్లోనూ చివర్లోనూ పాతే పొట్టి స్తంభాలు. వాటి మధ్య వీల్‌చైర్ దూరేంత సందు ఉంటే సరి. ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తుకు మించకూడదు.

ఇంకో చోట పట్టుబట్టండి. ఇంటి గేటు వచ్చిన ప్రతిసారీ ఫుట్‌పాత్ దిగి, మళ్లీ ఎక్కితే అది ఫుట్‌పాత్ కాదు, మెట్ల వరస. గేటు దగ్గర కారే ఎక్కి దిగాలి, నడిచే మనిషి తిన్నగా పోవాలి. ఆ గేట్ల ముందు 80 మిల్లీమీటర్ల మందం బ్లాకులు వేయించండి. సన్నవి కారు బరువుకు కుంగుతాయి.

పేవర్‌కు ఒక సుగుణం ఉంది, మన ఊళ్లకు బాగా పనికొచ్చేది. పైపు కోసమో కేబుల్ కోసమో తవ్వాల్సి వస్తే లేపి మళ్లీ అవే పేర్చవచ్చు. భూగర్భ డ్రైనేజీ పనులప్పుడు నెల్లూరులో సీసీ రోడ్లను కోసి, పైన మట్టి కప్పి వదిలేసిన వీధులు ఎన్నో. ఆ గతి పేవర్‌కు పట్టకపోవచ్చు, సూపర్‌వైజర్ నిలబడి చూస్తే. ప్రకాశం జిల్లాలో ఇంకో ఆశ ఉంటుంది: చీమకుర్తి దగ్గరే కాబట్టి గ్రానైటు ముక్కలు తక్కువకు దొరుకుతాయి, అవే పరిచేద్దామని. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పాలిష్ పట్టిన గ్రానైటు మీద చినుకు పడితే మాత్రం కాలు నిలవదు. గరుకు ముఖం ఉన్న రాయి అయితే సరే, మెరిసేది వద్దని రాతలో పెట్టండి.

నా తీర్పు: పాత బజారు వీధుల్లో షరతులతో కూడిన శ్లాబు, రోడ్డు వెడల్పు 12 మీటర్లు దాటినచోట విడి ఫుట్‌పాత్. జాగా లేదు, మీటరు వెడల్పే ఇస్తాం అంటే తీసుకోకండి. ఆ మీటరులో కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లెక్సీ కట్టే గుంజ వచ్చాక మిగిలేది పిల్లికి సరిపోతుంది. ఆ డబ్బుతో అదే రోడ్డు మీద రెండు మంచి క్రాసింగులు కట్టించుకోవడం మేలు.

నీడ సంగతి కూడా ఇక్కడే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండల్లో చెట్టు లేని ఫుట్‌పాత్ పొద్దున తొమ్మిదికే ఖాళీ అవుతుంది. ఉన్న వేపచెట్టును, కానుగచెట్టును కొట్టి దాని జాగాలో టైల్స్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. చెట్టు చుట్టూ తిప్పి వేయమనండి, నాలుగు బ్లాకులు తక్కువైనా పర్వాలేదు.

సైకిలుకు గీత చాలా, ట్రాక్ కావాలా?

సైకిల్ ట్రాక్ అనగానే హెల్మెట్ పెట్టుకుని పొద్దున్నే బైపాస్ మీద తొక్కేవాళ్లే గుర్తొస్తారు. వాళ్ల కోసమే అయితే ఈ విభాగం రాయాల్సిన పని లేదు. ఊళ్లో రోజూ తొక్కేది పేపరు కుర్రాళ్లు, పాలవాళ్లు, తాపీ పనివాళ్లు, హోటల్లో రాత్రి డ్యూటీ దిగేవాళ్లు, వాచ్‌మన్లు, హైస్కూలు పిల్లలు. "బడికొస్తా" పథకంలో ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ సైకిలు మీద బడికి పోవడానికి దారి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది రోడ్డు అంచున రంగు గీత గీసి, సైకిలు బొమ్మ వేయడం. ఖర్చు చాలా తక్కువ, వారంలో పని అయిపోతుంది, అందుకే కార్పొరేషన్లకు ఇది ఇష్టం. మినీ బైపాస్ మీద ఒకసారి నిలబడి చూడండి, ఎడమ అంచు మొత్తం ఆగి ఉన్న కార్లదీ ఆటోలదీనే. గీత ఎవరినీ ఆపదు. పైగా పార్కింగు దాటడానికి సైకిలువాడు లోపలికీ బయటికీ వంకర్లు తిరగాల్సి వస్తుంది, అది గీత లేకపోవడం కంటే ప్రమాదం. నిబంధన ఉంది, కాదనను: ఫుట్‌పాత్ మీదా సైకిల్ ట్రాక్ మీదా మోటారు వాహనం నడపకూడదు, ఆపకూడదు. కానీ ఆ నిబంధనకు రోజూ ఒక కానిస్టేబుల్ కావాలి.

రెండోది విడి ట్రాక్. మధ్యలో అంచురాయో మొక్కల వరసో ఉండాలి. ఒకవైపు పోయే ట్రాకుకే కనీసం 2 మీటర్లు పడుతుంది, రెండు వైపులకీ 4 మీటర్లు రోడ్డు నుంచి పోతుంది. నెల్లూరు లోపల అంత జాగా ఇచ్చే రోడ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరి అంచున కొత్తగా వేస్తున్న లేఅవుట్ రోడ్లు, బైపాస్ సర్వీసు రోడ్లు, ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు ఊరు పెరుగుతున్న చోట్లు, ఇలాంటివాటికి ఇప్పుడే అడిగితే దొరుకుతుంది. షాపులు వచ్చాక అడిగితే దొరకదు. విడి ట్రాక్ అడగాలంటే ఒకే ఒక్క పరీక్ష: అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? హైస్కూలు దగ్గర మొదలై పిల్లలు ఎక్కువమంది వచ్చే పేట దాకా పోతే అడగండి. రోడ్డు వెడల్పుగా ఉంది కదా అని 600 మీటర్లు వేసి, సరిగ్గా జంక్షన్ ముందు ఆపేస్తే వద్దు. సైకిలువాళ్లకు దెబ్బలు తగిలేది జంక్షన్లోనే.

మూడోది ఎవరూ అడగనిది, నాకు అన్నిటికన్నా నచ్చినది. వాహనాల వేగం తగ్గించడం. తొమ్మిది మీటర్ల లోపు వీధుల్లో ఫుట్‌పాత్‌కూ జాగా లేదు, ట్రాకుకూ లేదు. అక్కడ అందరూ ఒకే రోడ్డు మీద పోవాల్సిందే. అలాంటప్పుడు బండ్లు గంటకు 20 కిలోమీటర్లకు మించకుండా చేస్తే సైకిలూ మనిషీ బతుకుతారు. ఇది బోర్డు పెడితే జరగదు. వీధి మొదట్లో రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి బల్లలా కట్టిన క్రాసింగు, బండ్లు వేగంగా తిరగకుండా మలుపులో మూలను ఇరుకు చేయడం, కొలత ప్రకారం స్పీడు బ్రేకరు కావాలి. కొలత ప్రకారం అని ఎందుకంటున్నానంటే ఐఆర్‌సీ 99 చెప్పేది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చదునైన గుబ్బ. మన వీధుల్లో రాత్రికి రాత్రి మేస్త్రీ కట్టే దిబ్బ దాని వెడల్పులో పావు ఉండదు, నడుము మాత్రం విరగ్గొడుతుంది. అంబులెన్స్‌కు కూడా అదే ఇబ్బంది.

కాలువగట్టు, చెరువుకట్ట, డొంక

అధికారులకు, నాయకులకు, నిజం చెప్పాలంటే చాలామంది మనకూ ఎక్కువ ఇష్టమైన ప్రతిపాదన ఇదే. నీళ్ల పక్కన నడక. స్వర్ణాల చెరువు చుట్టూ నెక్లెస్ రోడ్డు మాట నెల్లూరులో ఏళ్ల తరబడి నడుస్తోంది. సర్వేపల్లి కాలువ గట్టు, ఒంగోలులో పోతురాజు కాలువ పక్కన కూడా ఇలాంటివి అడుగుతుంటారు.

మంచి ఏమిటంటే, గట్టు మీద ఎదురుగా లారీ రాదు, క్రాసింగులు తక్కువ, దారి తిన్నగా కిలోమీటర్ల కొద్దీ పోతుంది. సైకిలుకు ఇంతకంటే ఏం కావాలి? కానీ కొన్ని తేల్చుకోవాలి. గట్టు కొన్నిచోట్ల ఇళ్లతో నిండిపోయింది. అక్కడ "ట్రాక్ కావాలి" అనడమంటే ఇంకొకరి ఇల్లు తీసేయమనడమే. వాళ్లకు ప్రత్యామ్నాయం చూపకుండా అలాంటి ప్రతిపాదనకు సంతకం పెట్టకండి. మురుగు కలిసే కాలువ పక్కన, ముక్కు మూసుకుని ఎవరూ నడవరు, కాబట్టి మురుగు మళ్లించడం ముందు, టైల్స్ తర్వాత. సాయంత్రం ఆరు దాటాక ఆడవాళ్లు ఒంటరిగా నడవగలరా అన్నది అసలు ప్రశ్న. ప్రతి రెండు మూడు వందల మీటర్లకు ఊళ్లోకి బయటపడే దారి, వరసగా వెలిగే లైట్లు, గట్టు వైపు తెరుచుకునే ఇళ్లో షాపులో ఉంటే నడుస్తారు. ఇవి లేని ట్రాక్ ఉదయపు నడకకే. చెరువుకట్ట విషయంలో ఇంకోటి: స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు. అక్కడ ఏం కట్టినా ఆ రోజుల రద్దీని తట్టుకోవాలి, అలంకారం రెయిలింగులు పెట్టి దారి ఇరుకు చేయకూడదు.

డొంకల సంగతి వేరు. ఒంగోలులో మంగమూరు డొంక ఇప్పుడు పూర్తిగా ఊళ్లో కలిసిపోయిన పేట. కానీ కావలి, కందుకూరు, పొదిలి చుట్టుపక్కల ఊళ్లలో బండ్లూ గొడ్లూ తిరిగిన డొంకలు ఇంకా ఉన్నాయి, పటాల్లో మరీను. రెవెన్యూ రికార్డులో డొంక పోరంబోకుగా నమోదై ఉంటే అది ఎవరి పట్టా కాదు, అందరి దారి. ఊరి నుంచి హైస్కూలుకు రోడ్డు చుట్టూ తిరిగి పోయే దూరం డొంకలో పోతే సగం కావచ్చు. దీనికి కావాల్సింది టైల్స్ కావు, సర్వే. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటం) కాపీ తీసుకుని, సర్వేయర్‌తో హద్దు రాళ్లు పాతించి, కంప కొట్టించి, గ్రావెల్ తోలి చదును చేస్తే సైకిలు పోతుంది. ఆక్రమణ ఉంటే తొలగించడానికి 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ఇప్పటికీ తహసీల్దారు చేతిలో ఉంది. గ్రామసభలో తీర్మానం చేయించి మండలానికి పంపండి. పక్క పొలం రైతుతో ముందే కూర్చుని మాట్లాడండి. ఆయన ట్రాక్టరుకు కూడా అదే దారి అని గుర్తు చేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. పంచాయతీ ఊళ్లో ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది డొంకే. ఫుట్‌పాత్ తర్వాత.

షాపులవాళ్లు, బండ్లవాళ్లు

ఫుట్‌పాత్ మాట ఎత్తగానే మొదట లేచే గొంతు, "షాపు ముందు బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి సార్?" అన్నదే. న్యాయమైన ప్రశ్న. రోడ్డుకు ఒకవైపు ఫుట్‌పాత్, ఒకవైపు గీతల మధ్య పార్కింగు అని విడదీస్తే ఒప్పుకునేవాళ్లు పెరుగుతారు. రెండు వైపులా ఒకేసారి అడిగితే రెండు వైపులా పోతుంది.

ఇడ్లీ బండి, కొబ్బరిబోండాల బండి, పూల గంప విషయంలో కాలనీ సంఘాలు తొందరపడి "ఆక్రమణలు తొలగించాలి" అని రాస్తాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు ఇచ్చేదాకా వాళ్లను లేపేయడానికి లేదు. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వాళ్లే ఉండాలి. అదీగాక రాత్రి తొమ్మిదికి ఆ బండి లైటు వల్లే ఆ ఫుట్‌పాత్ మీద ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. స్తంభాలు, చెట్లు ఉండే వరసలోనే వాళ్లకు మీటరు జాగా గీసి ఇవ్వమని అడగండి, నడిచే 1.8 మీటర్లు వదిలి. నిజానికి ఫుట్‌పాత్‌ను ఎక్కువ మింగేది బండి కాదు, షాపు మెట్లు, జనరేటరు, ఫ్లెక్సీ స్టాండు.

డబ్బు, అర్జీ, కొలతలు

నిధుల్లేవు అన్నది మొదటి జవాబుగా వస్తుంది. నెల్లూరు, ఒంగోలు రెండూ 2015లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ మొదటి అమృత్ పథకంలో ఉండేవి, దాని గడువు ఇప్పుడు ముగిసింది. తాగునీరు, మురుగునీటితో పాటు పాదచారుల, సైకిళ్ల సౌకర్యాలు కూడా అప్పట్లో ఆ పథకం పరిధిలో ఉండేవి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోనూ రెండు ఊళ్లూ ఉన్నాయి. రోడ్డు అంచు మట్టి లేచి దుమ్ము కాకుండా గోడ దాకా పేవర్లు పరచడం దాని కింద చేయదగ్గ పనే. "ఫుట్‌పాత్ కావాలి" అనేదాన్ని "రోడ్డు అంచు దుమ్ము నివారణకు పేవింగ్" అని కూడా రాస్తే ఇంజనీరుకు ఫైలు కదపడానికి ఇంకో తలుపు తెరుచుకుంటుంది.

అడిగే కాలం కూడా ముఖ్యం. బడ్జెట్ మార్చి నెలాఖరులోపు కౌన్సిల్ ముందుకు రావాలి, అంచనాలు అంతకు ముందే తయారవుతాయి. కాబట్టి డిసెంబరు, జనవరిల్లో అర్జీ చేతికివ్వాలి. మార్చిలో ఇస్తే ఏడాది ఆగినట్టే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు నంబరు దాచుకోండి.

అర్జీ ఒక్క పేజీ చాలు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మీటర్లు, ఎవరు నడుస్తారు, ఎక్కడ తెగిపోతోంది, ఏ రకం కావాలి, వద్దనేది ఏమిటి. ఒక పని రోజు పొద్దున బడి వేళకు గంటసేపు నిలబడి ఎంతమంది నడిచారో, ఎన్ని సైకిళ్లు పోయాయో లెక్కేసి జత చేస్తే దాన్ని కొట్టేయడం కష్టం. రెండు కిలోమీటర్లు అడిగి ముక్కలు ముక్కలుగా తెచ్చుకోవడం కన్నా బస్టాపు నుంచి బడి దాకా 500 మీటర్లు తెగకుండా అడగడం మంచిది.

మంజూరయ్యాక సంఘం నుంచి ఇద్దరు ఎస్టిమేట్ కాపీ తీసుకుని దగ్గర పెట్టుకోండి. వెడల్పు, ఎత్తు, బ్లాకు మందం అందులో ఉంటాయి. పని జరిగేటప్పుడు టేపు పెట్టి చూడండి, తేడా ఉంటే ఆఖరి బిల్లు కాకముందే ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాసివ్వండి. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో మరమ్మతు చేయాల్సిన గడువు ఎంతో ఒప్పందంలో రాసి ఉంటుంది, అది కూడా అడిగి తెలుసుకోండి. పేవర్లు కుంగేది మొదటి వానాకాలంలోనే. డిసెంబరు చివర్లో ఆ 500 మీటర్లూ ఒకసారి నడిచి, కుంగినచోట ఫొటో తీసి, ఆ గడువు దాటకముందే పంపితే మళ్లీ టెండరు పిలవాల్సిన పని ఉండదు.